గద్వాల కోటలో నేను చదవని రాయి

కర్నూలు నుంచి ఒక్క రోజులో చూసి రాగలిగిన కోటలు ఏమున్నాయని ఈ మధ్య నలుగురైదుగురు నన్ను అడిగారు. హైస్కూల్లో చరిత్ర చెబుతాను కాబట్టి ఇలాంటివి నాకు తెలుస్తాయని వాళ్ల నమ్మకం. తెలిసింది ఒక్కటే, గద్వాల. అక్కడికి రెండుసార్లు వెళ్లాను. దారి, వేళలు, ఖర్చులు అన్నీ రాస్తాను. అయితే మొదటిసారి అక్కడ నేను చేసిన పని కూడా రాయక తప్పదు. దాన్ని దాచిపెట్టి తక్కినవి మాత్రం చెబితే మళ్లీ అదే తప్పు చేసినవాణ్ణవుతాను.

మొదటి ప్రయాణానికి కారణం మా ఆవిడ జానకి. పోయిన పుష్యమాసంలో ఒక ఆదివారం నేను పరీక్ష పేపర్లు దిద్దుతుంటే పక్కన కూర్చుని ఒక పేపరు తీసి చదివింది. "ఎనిమిదేండ్ల నుంచి ఈ పిల్లోళ్లకు కోటల గురించి చెప్తాండారు గదా, మన ఊరి బురుజు కాకుండా ఒక్క కోటన్నా చూసినారా మీరు?" అంది. ఎగతాళికి అన్న మాట కాదు. తెలుసుకుందామనే అడిగింది. నేను చూడలేదు. నాకు తెలిసిన కోటలన్నీ పుస్తకాల్లోవే. ఆ మాట ఆమెతో అనకుండా, వచ్చే ఆదివారం పోదామన్నాను.

మా వీధి చివర శేషయ్య అనే ఆయన భోజన హోటలు నడుపుతాడు. రెండేళ్లుగా ఆయన ఒక్కరోజు యాత్రలు కూడా ఏర్పాటు చేస్తున్నాడు. తలకు రెండు రూపాయలు, రైలు టికెట్టు మనదే. దిగిన చోట మనిషి వచ్చి కలుసుకుని అన్నీ చూపిస్తాడు. అప్పుడు రెండు యాత్రలు ఉండేవి. ఒకటి వనపర్తి: రైల్లో వనపర్తి రోడ్డు దాకా, అక్కడి నుంచి బస్సులో ఊళ్లోకి, రాజభవనం చూసి, వీలైతే శ్రీరంగాపూర్ పోయి చెరువు పక్కన రంగనాయకస్వామిని కూడా దర్శించుకుని రావడం. రెండోది గద్వాల: రైలు దిగి టాంగాలో నేరుగా కోటకే. నాగర్‌కర్నూలు మీదుగా అమ్రాబాద్ అడవుల వైపు కూడా పోవాలని ఉందన్నాను. అది ఒక్క రోజులో తెమిలే పని కాదు పొమ్మన్నాడు శేషయ్య.

జానకికి శ్రీరంగాపూర్ చెరువు చూడాలని ఉండింది. నేను గద్వాల అన్నాను. యుద్ధం మొదలైనప్పటి నుంచి పెట్రోలు దొరక్క బస్సులన్నీ బొగ్గు మీద నడుస్తున్నాయని, ఎక్కడ ఆగిపోతే అక్కడ దిగి తోయాల్సి వస్తుందని చెప్పాను. అది నిజమే. కానీ అసలు కారణం వేరు. నా దగ్గరున్న ఇంగ్లీషు పుస్తకంలో వనపర్తికి ఒకటిన్నర పేజీ, గద్వాలకు నాలుగు పేజీలు ఉన్నాయి. నాలుగు పేజీలున్న చోటైతే నలుగురిలో ఎక్కువ మాట్లాడవచ్చు.

రైలు ఉదయం ఆరున్నరకు. మూడో తరగతి టికెట్టు పది అణాల చిల్లర. తుంగభద్ర వంతెన దాటగానే నిజాం ఇలాకా వస్తుంది. అక్కడ సుంకం జవాన్లు పెట్టెలోకి ఎక్కి మూటలు విప్పించి చూస్తారు. కొత్త బట్టలు, పొగాకు లాంటివి పెట్టుకోకపోతే ఏమీ అనరు. మన రూపాయలను అక్కడ చెల్లే నిజాం హాలీ నాణేలుగా స్టేషన్లోనే మార్చుకోవడం మంచిది. టాంగావాళ్లు, రొట్టెలమ్మేవాళ్లు మన చిల్లర తీసుకోవడానికి తటపటాయిస్తారు. మాతో ఇంకో ఆరుగురు వచ్చారు. వాళ్లలో పింఛను పుచ్చుకున్న ఒక తహసీల్దారు గారు నా ఎదుటి బల్ల మీద కూర్చున్నారు. నేను పుస్తకం తెరిచి గద్వాల దాకా ఆయనకు చరిత్ర చెబుతూనే ఉన్నాను. జానకి కిటికీలోంచి పల్లీ చేలు చూస్తూ కూర్చుంది.

ఎనిమిదిన్నరకు గద్వాలలో దిగాం. ప్లాట్‌ఫారం మీద ఒక పొడుగాటి మనిషి మా కోసం నిలబడి ఉన్నాడు. యాభై దాటిన వయసు, ఉతికి ఉతికి పలచబడిన తెల్ల చొక్కా, తలకు రుమాలు. "సలాం సార్. నా పేరు ఇమాం సాబ్. శేషయ్య సేటు పంపిండు," అన్నాడు. కోట లోపల తిరగడానికి సంస్థానం కచేరీలో చీటీ తీసుకోవాలి. ఆ చీటీ ఆయన ముందురోజే తెచ్చిపెట్టాడు. ఆడవాళ్లను నీడ వైపు కూర్చోబెట్టి టాంగాలు కట్టించాడు. దారిలో నేతగాళ్ల వీధిలో పడుగులు పరిచి ఉంటే టాంగా ఆపించి, "జర చూడుండ్రమ్మా. ఒడలు నూలు, అంచు పట్టు. రెంటినీ కలిపి నేస్తరు," అని జానకికి చూపించాడు. ఆమె దిగి చాలాసేపు చూసింది. అంతా బాగా జరుగుతోంది. నాకు మాత్రం అప్పటికే ఏదో అసహనం. ఈ యాత్రలో మాట్లాడవలసినవాణ్ణి నేను గదా అని.

కోటలో మొదటి గంటలోనే ఆయన్ను నాలుగుసార్లు సరిదిద్దాను. బురుజుల లెక్క దగ్గర ఒకసారి, గోడ కట్టిన కాలం దగ్గర ఒకసారి, తక్కిన రెండూ ఇప్పుడు గుర్తుకు కూడా లేవు. ప్రతిసారీ తహసీల్దారు గారు మెచ్చుకోలుగా తలూపారు. ఇమాం సాబ్ ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. "గట్లనా సార్" అనేవాడు. మెట్ల దగ్గర "నిమ్మళంగ నడువుండ్రి, రాళ్లు నున్నగున్నయ్" అని ప్రతి ఒక్కరికీ చెబుతూ ముందు నడిచాడు.

పెద్ద ఫిరంగి చూశాక ఆయన మమ్మల్ని అది ఉన్న దిబ్బ వెనక్కి తీసుకుపోయాడు. అక్కడ గోడకు ఆనుకుని నడుం ఎత్తు రాయి ఒకటుంది. మీద ఏడెనిమిది వరుసల అక్షరాలు, కింద ఒక మూల పగిలింది. పుస్తకంలో ఈ రాయి ఊసే లేదు. ఇమాం సాబ్ రుమాలు తీసి రాయి మీది దుమ్ము తుడిచాడు. అంతదాకా లేని మెత్తదనం ఆయన గొంతులోకి వచ్చింది.

"ఒక ఫిరంగిని మీదికి గుంజేటప్పుడు మోకు తెగింది సార్. ఏడుగురు కింద పడి సచ్చిపోయిండ్రు. గీ రాయి మీద గాళ్ల పేర్లున్నయ్. గాళ్లల్ల ఒకాయన మా తాతకు తాత. నాకు సదువు రాదు గని, పేర్లు ఎర్కే." వేలు పెట్టి అక్షరాల మీదుగా జరుపుతూ మొదలుపెట్టాడు. "హనుమడు, తిమ్మడు..."

ఆయన వేలు కుడి నుంచి ఎడమకు పోతోంది. నేను చూశాను.

"ఇమాం సాబ్, ఇదేమన్నా ఉర్దూనా? వెనక నుంచి చదువుతున్నావే!" అన్నాను.

అందరూ నవ్వారు. వెంట వచ్చిన టాంగావాళ్లు కూడా నవ్వారు. ఆయన వేలు రాయి మీదనే ఆగిపోయింది. తహసీల్దారు గారు కళ్లు తుడుచుకుంటూ, "అయితే ఇందులో ఏముందో మీరే సెలవియ్యండి సార్," అన్నారు.

నేను ముందుకు వంగి చూశాను. నిజం చెబుతున్నాను, పైన 'స్వస్తిశ్రీ' అన్నది ఒక్కటే నాకు అర్థమైంది. కింద ఎక్కడో 'మాన్య' అన్నట్టు కనిపించింది. తక్కినదంతా అరిగిన పాత లిపి. తెలుగో కన్నడమో కూడా పోల్చుకోలేకపోయాను. నాకు చదవడం రాలేదు అనే మాట నోటిదాకా రాలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. "ఇది గుడికి భూమి రాసిచ్చిన శాసనం. మనుషులు చచ్చిపోయిన సంగతి ఇందులో ఒక్క ముక్క కూడా లేదు. ఇలాంటి కట్టుకథలు ప్రతి కోటలోనూ ఉంటాయి," అన్నాను.

ఇమాం సాబ్ రుమాలు దులిపి మళ్లీ తలకు కట్టుకున్నాడు. "మీరు సదువుకున్నోళ్లు సార్. గట్లనే కానీయుండ్రి," అన్నాడు. ఆ తర్వాత రోజంతా ఆయన ఏ కథా చెప్పలేదు. ఇది తలుపు, ఇది బావి, ఇది చెన్నకేశవస్వామి గుడి. అంతే.

నా పాండిత్యం రుజువు కావాలని కోట వాకిట్లో రొట్టెలు చేసే సాయమ్మ పొయ్యిలోంచి బొగ్గు అడిగి తెచ్చుకుని, రాయి మీద కాగితం పరిచి రుద్ది అచ్చు కూడా తీసుకున్నాను. సాయమ్మ దగ్గరే భోజనాలు. వేడి జొన్నరొట్టె, మనం గోంగూర అనే పుంటికూర, పల్లీల కారం, మనిషికి రెండణాలు హాలీ. మీరెవరు వెళ్లినా అక్కడే తినండి. మేమంతా తింటుంటే ఇమాం సాబ్ దూరంగా టాంగా నీడన కూర్చున్నాడు. సాయమ్మ పిలిచింది. "ఆకలి లేదమ్మా" అన్నాడు.

తిరుగు రైల్లో జానకి మెల్లగా అడిగింది. "ఏమండీ, మీరు నిజంగా చదివినారా అది?"

"చదవకుండానే చెప్తానా?" అన్నాను. ఆమె మళ్లీ అడగలేదు.

మర్నాడు శేషయ్య తన హోటల్లో యాత్రికుల అభిప్రాయాలు రాసే పుస్తకం ఇచ్చి నాలుగు ముక్కలు రాయమన్నాడు. నేను ఒక పేజీ నిండా రాశాను. చూపించే మనిషి నిరక్షరాస్యుడనీ, కట్టుకథలు చెబుతున్నాడనీ, చదువుకున్నవారు వచ్చే యాత్రకు చదువుకున్న మనిషినే పెట్టడం మర్యాద అనీ. రాయి గురించి నా నిర్ణయం కూడా అందులోనే రాసి, కింద సంతకం పెట్టి, ఉద్యోగం పేరు రాశాను.

నాలుగు నెలలు గడిచాయి. వేసవి సెలవుల ముందు ఒక మధ్యాహ్నం ఉపాధ్యాయుల గదిలో నా పుస్తకంలోంచి ఆ అచ్చు కాగితం జారి కింద పడింది. మా బడిలో కన్నడం చెప్పే రాఘవాచార్లు గారు దాన్ని తీసి వెలుతురుకు పట్టుకున్నారు. ఆయనది బళ్లారి వైపు. "ఎక్కడిదయ్యా ఇది? పాపం, ఏడుగురు పోయినారే!" అన్నారు.

నా చేతిలో సుద్దముక్క ఉంది. అది ఎక్కడ పెట్టానో నాకు తెలియదు. అది పాత కన్నడం. ఆయన కూడబలుక్కుని చదువుతూ పోయారు. మోకు తెగి ఫిరంగి కింద పడి చనిపోయిన ఏడుగురి కుటుంబాలకు మాన్యం ఇచ్చినట్టు ఉంది. హనుమ, తిమ్మ, పీరుసాబు, ఎల్ల, లింగ, ఈరన్న. ఏడో పేరు దగ్గర రాయి పగిలిపోయింది. హనుమడు, తిమ్మడు. ఆ రెండు పేర్లే నేను నవ్వించకముందు ఇమాం సాబ్ పలికినవి. మూడో పేరు దాకా నేను ఆయన్ను పోనివ్వలేదు. ఆ మూడో పేరే వాళ్ల తాతకు తాతది.

సాయంత్రం ఇంటికి వెళ్లి జానకితో చెప్పాను. ఆమె అప్పడాలు ఎండబెట్టిన చాప మడుస్తోంది. ఆగి నా మొహంలోకి చూసింది. "ఆరోజే తెలుసు నాకు," అంది. "మీరు ఏదన్నా నిజంగా చదివితే వేలు పెట్టి చూపిస్తారు. ఆరోజు చేతులు వెనక్కి కట్టుకున్నారు." తిట్టినా బాగుండేది.

ఆ ఆదివారమే ఒక్కణ్ణే గద్వాల వెళ్లాను. స్టేషన్లో ఇమాం సాబ్ లేడు. కోట వాకిట్లో సాయమ్మను అడిగితే నన్ను ఎగాదిగా చూసింది. "గాయన ఇప్పుడు కోట చూపెట్టనీకి రాడు. కర్నూలు సేటు బంద్ వెట్టిండు. ఎవరో సారు కితాబుల ఏందో రాసిండంట. దూది మిల్లుల మూటలు మోస్తుండు. గీ వయసుల గా పని అయితదా?" ఆ సారును నేనే అని ఆమెకు చెప్పాను. ఆమె పొయ్యిలో పుల్ల ఎగదోసి, "అయితే గిక్కడెందుకున్నరు? మిల్లుకు పోండ్రి," అంది.

మిల్లు స్టేషన్ అవతల ఉంది. వాకిట్లో మున్షీ మధ్యాహ్నం గంట కొట్టేదాకా లోపలికి పంపనన్నాడు. రెండు గంటలు ఎండలో నిలబడ్డాను. గంట కొట్టాక ఇమాం సాబ్ వచ్చాడు. కనుబొమల మీద, మీసాల మీద దూది. దగ్గుతున్నాడు. నన్ను గుర్తుపట్టడానికి ఆయనకు క్షణం కూడా పట్టలేదు.

"కర్నూలు సారు," అన్నాడు.

"ఇమాం సాబ్, నేను తప్పు చేశాను. ఆ రాయి నేను చదవలేదు. చదవడం నాకు రాలేదు. వచ్చినట్టు చెప్పాను. మీరు చెప్పిందే నిజం. పేర్లున్నాయి. పీరుసాబు పేరు ఉంది."

 ఆయన చొక్కా మీది దూది ఒక్కొక్క పోగే తీసేసుకున్నాడు.

"సదవకుండనే చెప్పిండ్రా సార్?"

"అవును."

"నేను గూడ సదవకుండనే చెప్పిన. గని నేను అబద్ధం చెప్పలే."

 శేషయ్యతో మాట్లాడి మళ్లీ ఆ పని ఇప్పిస్తానని ఏదో గొణిగాను. ఆయన చెయ్యి అడ్డం ఊపాడు. "గది తర్వాత. గీ మాట నాకు మిల్లుకాడ చెప్తే ఏం ఫాయిదా? ఆడ అందరి ముంగట అన్నరు. ఆడనే చెప్పుండ్రి. నాకు గంటసేపు టైముంది."

ఇద్దరం నడిచి వెళ్లాం. టాంగా పిలుస్తానంటే వద్దన్నాడు. కోటలోకి వెళ్లేసరికి ఆ దిబ్బ వెనక మనుషులున్నారు. ఆరోజు శేషయ్య పంపిన యాత్రికులు. ఇమాం సాబ్ స్థానంలో వచ్చిన కొత్తాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతిలో అచ్చు వేసిన కాగితం పట్టుకుని చదువుతున్నాడు. "ఇది దేవాలయ భూదాన శాసనము. దీని గురించి స్థానికులు చెప్పు కట్టుకథలు నమ్మదగినవి కావని కర్నూలు హైస్కూలు చరిత్రోపాధ్యాయులు నిర్ణయించియున్నారు." నా పేజీలోని మాటలే. శేషయ్య వాటిని కరపత్రంలో అచ్చు వేయించాడు.

ఇమాం సాబ్ నా వైపు చూశాడు. 

ముందుకు వెళ్లి, ఆ ఉపాధ్యాయుణ్ణి నేనే అన్నాను. కొత్తాయన గౌరవంగా పక్కకు జరిగి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారం తర్వాత నోరు తెరవడం ఎంత కష్టమైందో చెప్పలేను. "ఆ కాగితంలో ఉన్నది అబద్ధం. నేను ఈ రాయిని చదవలేక, చదివినట్టు నటించాను. ఈయన నిజం చెబుతుంటే నవ్వుల పాలు చేశాను. ఈయన పని పోయింది నా మూలంగానే," అన్నాను. గుంపులో ఒకాయన గట్టిగా నవ్వాడు. "అయితే బడిలో కూడా ఇట్లానే చెప్తావా అయ్యా?" అన్నాడు. అందరూ నవ్వారు. నవ్వు ఆగేదాకా నిలబడ్డాను. ఇమాం సాబ్ నవ్వలేదు.

రాఘవాచార్లు గారు రాసిచ్చిన కాగితం తీసి, ప్రతి అక్షరం మీదా వేలు పెట్టి గట్టిగా చదివాను. హనుమ, తిమ్మ, పీరుసాబు. ఆ పేరు దగ్గర ఇమాం సాబ్ ముందుకు వచ్చి, "ఏడ? యాడుంది?" అన్నాడు. చూపించాను. ఆయన ఆ నాలుగు అక్షరాల మీద అరచెయ్యి మొత్తం ఆనించి ఉంచాడు. ఎల్ల, లింగ, ఈరన్న. "ఏడో పేరు దగ్గర రాయి పగిలింది. ఎవరో తెలియదు," అన్నాను.

"నర్సిగాడు," అన్నాడు ఇమాం సాబ్. "అందర్ల చిన్నోడు. మా తాత చెప్తుండె."

కొత్తాయన జేబులోంచి పెన్సిలు తీసి ఆ కరపత్రం మీద రాసుకున్నాడు. ఇక ఎవరూ నవ్వలేదు. మిల్లు గంటకు వేళవుతోందని ఇమాం సాబ్ వెనుదిరిగాడు. వెంట పరుగెత్తి, శేషయ్యతో మాట్లాడతాను, మళ్లీ కోటకు రండి అని బతిమాలాను. "రాను సార్. పేర్లు చదివిండ్రు, గది చాలు. మిల్లుల మూట బరువుంటది గని ఎవ్వరు నవ్వరు," అన్నాడు. చెయ్యి చాపితే పట్టుకున్నాడు. క్షమించానని మాత్రం అనలేదు. నేనూ అడగలేదు.

కర్నూలు రాగానే శేషయ్యను కలిసి ఆ పేజీ నా చేత్తోనే చింపేశాను. ఇమాం సాబ్‌ను మళ్లీ పెట్టుకుంటానని, రమ్మని శేషయ్య కబురు కూడా పంపాడు. ఆయన రాలేదు. కరపత్రాల సంగతి అడిగితే శేషయ్య నొచ్చుకున్నాడు. "యుద్ధంలో కాగితం ఎంత ప్రియమో నీకు తెలీదా సార్? కట్టలు కట్టలు ఉండాయి. ఇవి అయిపోయినాక మారుస్తా." ఇంకా అయిపోలేదు. ఇప్పటికీ వాటిని పంచుతూనే ఉన్నాడు.

అందుకే ఇది రాస్తున్నాను. తెలియదు అనే చిన్న మాట అనలేక ఒక మనిషి బతుకుదెరువు తీశాను. పిల్లలకు చరిత్ర చెబుతూనే ఉన్నాను గానీ, ఇప్పుడు క్లాసులో ఎవడైనా నాకు తెలియనిది అడిగితే తెలియదు అని చెప్పేసి కూర్చుంటాను. మొన్న జానకి శ్రీరంగాపూర్ ఎప్పుడు పోదామని అడిగింది. ఈసారి పుస్తకం తేను అన్నాను.

గద్వాల వెళ్లేవారికి ఒక్క సలహా. ఆదివారం కాకుండా శుక్రవారం వెళ్లండి. ఆరోజు మిల్లుకు సెలవు. మధ్యాహ్నం నమాజు అయ్యాక ఇమాం సాబ్ కోట వాకిట్లో చాయ్ అంగట్లో కూర్చుంటాడని, రెండోసారి వెళ్లి తిరిగి వస్తుంటే సాయమ్మ చెప్పింది. మర్యాదగా అడగండి. మనసైతే లేచి వస్తాడు, లేకపోతే రాడు. బలవంతపెట్టకండి. వస్తే ఆయన్ను చివరిదాకా చెప్పనివ్వండి. నా పేరు మాత్రం ఎత్తకండి.